కొమ్ము పిడి

మా పర్లాకిమిడిలో దాన్నెవరూ అటారీ అనలేదు.
ఆటారి అన్నారు, మొదటి అక్షరం సాగదీసి,
ఆట ఉన్న పేరుకి దీర్ఘం లేకపోతే ఎలాగని.

కవిటి వైపు ఓడ వంటవాడు బెందాళం డిల్లేసు
లుంగీలో చుట్టి తెచ్చి
మా కూర్మినాయుడు మావయ్య రేడియో కొట్లో దింపాడు.
"టీవీకి తగిలిస్తే ఆడతాదట. నాకు టీవీ ఏదీ?
నువ్వే ఉంచీ. నూట యాభై బాకీ కొట్టీ."

ముందువైపు టేకు చెక్క.
గోరుతో గీకి చూశాను.
చెక్క కాదు, చెక్క బొమ్మేసిన కాయితం.
ఆరు మీటలు. ఒక నల్ల కర్ర. ఒక ఎర్ర బొత్తాం.
రొట్టె ముక్కంత డబ్బీలు నాలుగు,
ఒక్కో డబ్బీలో ఒక్కో యుద్ధం.

మా వైపు కరెంటు పోతే పాతపట్నంలో ఉండేది.
సైకిలు క్యారేజీకి టీవీ కట్టి
మహేంద్రతనయ మీద వంతెన దాటేవాళ్ళం,
వెనక నేను, ఒళ్ళో ఆటారి,
ఒడిశాలో ఓడిన ఆట ఆంధ్రాలో గెలుద్దామని.
వంతెన దిగేసరికి లెక్క సున్నా.

మావయ్య మూత విప్పి చాలాసేపు మాట్లాడలేదు.
"దీనికి గ్యాపకం లేదురా.
నూట ఇరవై ఎనిమిది గదులు, అంతే.
బొమ్మ దాచుకోడానికి చోటు లేక
ఒక్కో గీతా అప్పటికప్పుడు గీసి
గీసింది గీసినట్టే మరిచిపోతాది."
ఆ రాత్రి బాకీల పుస్తకం ముందేసుకుని
ఆయన దాన్ని ఈర్ష్యగా చూడడం నేను చూశాను.

మూడో నెలలో కర్ర విరిగింది.
పొట్నూరు వారి గుంటడు ఎడమకి లాగిన లాగుడు.
విడిభాగం కావాలంటే సముద్రం దాటాలి.
మావయ్య ముక్కల్ని జేబులో వేసుకుని
కొమ్ము పని చేసే దిబాకర మహారాణా ఇంటికి నడిచాడు.

కొంగలు, రొయ్యలు, రెక్క విప్పిన నెమళ్ళు
గేదె కొమ్ములోంచి తీసే ముసలాయన
నల్ల ముక్కని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి
"ఏ జంతువు కాలిది?" అన్నాడు.
బొగ్గుల మీద కొమ్ము మెత్తబడింది.
వీధి వీధంతా వెంట్రుకలు కాలిన వాసన.
కూలి అడిగితే, ఒక ఆట.
ఆడాడు. మూడు సార్లు చచ్చాడు.
"నా రొయ్య నయం" అని లేచి పోయాడు.

దాని వంశ కథ మాకు తరవాత తెలిసింది,
డిల్లేసు తెచ్చే చిరిగిన పత్రికల్లో
బొమ్మలు చూసి సగం, ఊహించి సగం.
మొదట్లో రెండు గీతలూ ఒక చుక్కేనట,
ఇంటి టీవీలో బంతాట.
ఆ తరవాతే మాది.
ఆ తరవాత డబ్బు,
మరీ డబ్బు, లెక్క తప్పినంత.
ఒక ఏడాది కొనేవాడు లేక
డబ్బీల్ని లారీలకెత్తి ఎడారిలో పూడ్చి
పైన సిమెంటు పోశారట.

"పూడ్చీసేరా?" అని మావయ్య లేచి నిలబడ్డాడు.
మాకున్నవి నాలుగే. అందులో ఒకటి పనిచెయ్యదు.

ఒక తోబుట్టువుకి కర్ర వంగితే మళ్ళీ నిలబడేది కాదట.
(మహారాణాని అడగాల్సింది.)
ఇంకోటి తయారై, ముస్తాబై,
రెండేళ్ళు గోదాములో కూచుందట.
ఆఖరుది పులిజాతి పేరు పెట్టుకు వచ్చి
పిల్లిలా వెళ్ళిపోయింది.
వీటిలో ఏదీ మా వంతెన దాటలేదు.

చిన్నరైలు పట్టాలు పీకేసిన ఏడాది
కొట్టు కూడా తీసేశాం.
టీవీ పాత సామానుకి పోయింది,
కాయితపు టేకు పొరలు పొరలుగా లేచిపోయింది.
బాకీల పుస్తకం మాత్రం చెదలు ముట్టలేదు.

పిడి నా దగ్గరుంది.
దేనికీ తగిలించి లేదు. ఊరికే
ఎడమకి వంచుతాను, కుడికి వంచుతాను.
అరచెయ్యి కాస్త వేడెక్కిందంటే
సన్నగా, ఇప్పటికీ,
వెంట్రుకలు కాలిన వాసన.