కొలతలు తీసే వేళ

ఉలాన్‌బాతర్‌లో జనవరి అంటే
కెమెరాకి కూడా ఒణుకే.
బ్యాటరీని చంకలో దాచుకుని తిరుగుతాను,
గుడ్డు పొదిగే కోడిలా.
సున్నాకి కింద ముప్పై డిగ్రీలు.
బటన్ నొక్కే వేలు నాది కాదు,
ఎవరో అరువిచ్చినది.

ఆరు నెలలుగా నేను తీసినవన్నీ
ఎక్కడో చూసినవే.
గోడకానుకుని గడ్డం ఎత్తిన అమ్మాయి,
రైలు పట్టాల మీద పొడుగు కోటు,
అద్దంలో సగం మొహం.
అంతా ఎంగిలి వెలుతురు.
తమ్ముడు తెములెన్ వేలితో ఒక్కొక్కటీ జరిపి
"బాగున్నాయక్కా, ఇదివరకే చూసినట్టున్నాయి" అన్నాడు.
మెచ్చుకున్నాననే అనుకున్నాడు, పాపం.

ఆ వేళ నరన్‌తూల్ బజారు వెనక
అనూజిన్‌కి పల్చటి పట్టు గౌను తొడిగి
మంచులో నిలబెట్టాను.
నాలుగో ఫొటోకి ఆమె పెదాలు నేరేడు రంగు తిరిగాయి.
ఏడో ఫొటోకి కెమెరా కన్ను మూసింది.
"ఇంక నా వల్ల కాదు" అంది అనూజిన్.
కెమెరా ఆ మాట కూడా అనలేదు.

ఇద్దరం పరుగున దూరింది ఒక ఇనప కంటైనర్‌లోకి.
కుట్టుమిషను. బొగ్గు పొయ్యి.
ఉప్పేసిన పాల టీ మరుగుతున్న గిన్నె.
దర్జీ దూల్మా నోట్లో అరడజను గుండుసూదులు,
అందుకే మాట లేకుండా
తలతోనే కూర్చోమంది.

ఎదురుగా కొండంత మనిషి.
గోబీ నుంచి బొగ్గు లారీ తోలుతాడట.
కూతురి పుట్టువెంట్రుకలు తీసే వేడుకకి
కొత్త డేల్ కుట్టించుకుంటున్నాడు, మోకాళ్లు దాటే పొడుగుది,
నీలం పట్టుది.

దూల్మా టేపు చాచగానే
రెండు చేతులూ పక్కలకి ఎత్తాడు.
ఊపిరి కొంచెం లోపలికి.
చూపు రేకు గోడ దాటి ఎటో.
అంత మనిషీ
తలంటుకి నిలబడ్డ పిల్లాడైపోయాడు.

కొలతలు ఇచ్చేటప్పుడు
ఎవరూ పోజు పెట్టరు.
ఉన్నంత మేరా ఒప్పేసుకుంటారు.
నడుం దాచేది లేదు, భుజం బడాయి పోయేది లేదు.
నేను ఇన్నాళ్లూ
కుట్టు పూర్తయ్యాకే మనుషుల దగ్గరికి వెళ్లేదాన్ని.

పొయ్యి పక్కన పెట్టిన బ్యాటరీ కాస్త కోలుకుంది.
ఒకటే గీత, అదీ ఎర్రది.
మూడు ఫొటోలు వస్తే గొప్ప.

"ఇప్పుడెందుకు, డేల్ తొడిగాక తియ్" అన్నాడు లారీ మనిషి.
"అప్పుడు తీయడానికి మీ చుట్టాలంతా ఉంటారు" అన్నాను.
నవ్వాడు. నవ్వడంతోనే మొహానికి తలుపు పడింది.
ఆగాను,
టేపు మెడ చుట్టూ తిరిగేదాకా.

మొదటిది ఆవిరి మింగేసింది.
చలిలోంచి వచ్చిన లెన్సుకి
వెచ్చదనం ఒంటబట్టలేదు.

రెండోది: మూసుకున్న అతని కళ్లు,
గొంతు కింద సుద్దముక్క అంటిన దూల్మా వేళ్లు,
సూదుల మధ్య ఆమె లోలోపల లెక్కపెడుతున్న అంకె.

మూడోది నేను అనుకున్నది కాదు.
చలికి ఆగలేక అనూజిన్
ఎవరిదో సగం కుట్టిన డేల్ తిరగేసి కప్పుకుంది.
చేతుల్లేవు దానికి.
తెల్లటి పచ్చికుట్లు, బయటపడ్డ అస్తరు.
టీ గిన్నె మీద వంగిన ముక్కు కొన ఎర్రగా.
పట్టు గౌను నేలమీద, ఎవరికీ పట్టకుండా.

తర్వాత కెమెరా మళ్లీ పోయింది.

తెములెన్ ఈసారి బాగుందనలేదు.
"ఎవరితను?" అన్నాడు.
ఆ ప్రశ్నని నాలుగు రోజులు జేబులో వేసుకు తిరిగాను.

ఇప్పుడు నా సంచిలో ఒక కొలత టేపు ఉంటుంది.
ఫొటోకి వచ్చినవాళ్లని ముందు చేతులెత్తమంటాను.
అంకెలు ఎక్కడా రాసుకోను.
ఒకావిడ కోప్పడి వెళ్లిపోయింది.
కొన్ని వారాలు టేపు కూడా ఏమీ ఇవ్వదు, ఉత్త టేపే.

లారీ మనిషి ప్రింటు పట్టుకెళితే
అతను గోబీ దారిలో ఉన్నాడన్నారు.
దూల్మా దాన్ని గోడకి సూదితో గుచ్చి,
వెనక్కి జరిగి చూసి,
నా కోటు చినుగు కేసి చూసి,
"సొలొంగో, చేతులెత్తు" అంది.

మెడలో కెమెరా.
దాన్ని ఎక్కడ పెట్టాలో
తోచలేదు.