పుట్టెంట్రుకలు

రాత్రి రెండుంబావు.
పదకొండో వార్మర్లో పన్నెండు వందల గ్రాములు.
పేరింకా పెట్టలేదు,
కాలి పట్టీ మీద అమ్మ పేరే:
రెడ్డెమ్మ బిడ్డ, మగ.

చేతుల్లో నరాలు అయిపోయినాయి.
కుడిది మొన్న ఉబ్బింది, ఎడమది నిన్న.
కాళ్ళలో మిగిలినవి
టార్చి వెలుగు పెడితే కనబడి
సూది చూస్తే దాక్కునేవి.
ఇంక తలే.

చెవి పైన రెండు వేళ్ళ మేర గొరిగితే చాలు.
బ్లేడు తీసి, దూది తడిపి,
అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం అద్దం అవతల నిలబడి
కుట్లు లాగుతుంటే పొట్ట పట్టుకొని
ఐరాల అవతల ఏదో పల్లె నుంచి
నూటెనిమిదిలో వచ్చిన ఆ పిల్ల,
పందొమ్మిదేళ్ళుంటాయేమో,
"పుట్టెంట్రుకలు కొండకి మొక్కుకున్నాం సిస్టరమ్మా,
అంతదాకా కత్తి తగలనియ్యొద్దు" అనింది.

కొండంటే నాకు
డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడినప్పుడు
ఘాట్ రోడ్డు మలుపుల్లో
ఇంకా ఆర్పని దీపాలు.
నా మెడలో శిలువ కోటు లోపలుంటుంది.
ఎవురూ అడగరు, నేనూ చెప్పను.
అయినా చెయ్యి ఆగింది.

నేను చేరిన ఏడాది
మునికుమారి సిస్టరు చెప్పేది:
"పసిగుడ్డుకేం తెలుస్తాది, గట్టిగా పట్టుకోని పొడువు."
అట్లా చెప్పి, పొడిచి,
లోపలి గదిలోకి పోయి
చేతులు కడుక్కుంటా ఉండేది,
కడుక్కుంటా, కడుక్కుంటా,
కొళాయి కట్టేసే మాటే మరిచిపోయి.

తెలుస్తాది.
గొంతులో గొట్టం ఉన్న బిడ్డకి
ఏడుపుంటుంది, శబ్దముండదు.
నుదురు ముడుచుకుంటుంది,
నోరు తెరుచుకుంటుంది చతురంగా,
కాలివేళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి.
ఆ ఏడుపు వినాలంటే
చూడాల.

చక్కెర నీళ్ళు రెండు చుక్కలు నాలుక మీద.
గుడ్డ చుట్టి, మోకాళ్ళు కడుపులోకి మడిచి,
ఒక చెయ్యి మాత్రం బయట వదిలి.
నా అరచేతులు హీటరు ముందర కాచుకొని
వాడి తల మీద ఊరికే పెట్టి.
రెండు నిమిషాలాగాల, తీపి పనిచెయ్యడానికి.
"అయిందా?" అని డాక్టరు ఫోన్లో.
కాలేదు సార్.
ఈ రెండు నిమిషాలూ వాడివి.

గొరిగినాను.
మొదటిసారి తప్పింది.
క్షమించు నాయనా అన్నాను, మాస్కు లోపల.
మళ్ళీ చక్కెర. మళ్ళీ రెండు నిమిషాలు.
రెండోసారి గొట్టంలోకి
ఎర్రటి పోగొకటి వెనక్కొచ్చింది.
టేపు వేసి చార్టు తీసినాను.
ముఖానికి ఒక గడి, ఊపిరికి ఒకటి,
చేతులకి, కాళ్ళకి.
మొత్తం కూడితే ఐదు.
పొడిచినోళ్ళకి గడి లేదు.

బ్లేడుకంటుకున్న వెంట్రుకల్ని
గాజుగుడ్డలో దులిపినాను.
పదో, పన్నెండో పోగులు, తేనెరంగు,
ఊపిరి తగిలితే లేచిపోయేవి.
రక్తం శాంపిలుకు అంటించే చీటీ మీద
ఆమె పేరు, తేదీ, టైము రాసి అంటించినాను.
పొద్దున్నే టీ గుక్క తాగక ముందే
ఆ పొట్లం తీసుకుపోయి చేతిలో పెట్టినాను.
ఇవి కొండవే. పోగొట్టుకోవద్దు.
మిగతావి తల మీదే ఉన్నాయి, పెరుగుతాయి.

మొక్కు చెడిందని ఏడుస్తుందనుకున్నా.
పొట్లం విప్పను కూడా లేదు.
"నొప్పి పుట్టిందా వానికి?"

లేదమ్మా, నిద్రలోనే ఉన్నాడు, అనడం
మాకందరికీ అలవాటు.
పుట్టింది, అన్నాను.
రెండుసార్లు.
అంతా అయిపోయినాక
నా వేలు పట్టుకున్నాడు, చానా సేపు.

ఆమె నా రెండు చేతులూ లాక్కొని
వెలుతురు వైపు తిప్పి
అడిగింది,
"ఏ వేలు?"