మోటారు

మేడ మీది గది ఇచ్చేటప్పుడే చెప్పాను ముటాలేకి:
చుట్టాలొస్తే రెండు రోజులే. బోరు అడుగంటింది.
తలూపాడు. జాంబియా నుంచి ఫార్మసీ చదవడానికొచ్చిన పిల్లాడు,
గుంటూరులో వాడికి చుట్టాలెవరులే అనుకున్నాను.

ఇవాళ్టికి తొమ్మిదో రోజు.
కొత్తపేట ఆసుపత్రిలో పిల్లకి గుండె ఆపరేషనట.
తల్లీ, పెద్దమ్మా, తెల్లచొక్కా సంఘపెద్దా
నా మెట్ల మీదే చెప్పులు విప్పారు.
మొక్కజొన్న పిండి కోసం పట్నంబజారంతా తిరిగాడు వాడు.
ఉడికిన ముద్దకి నా గోంగూర పచ్చడి అద్దుకుని
ఆ పెద్దాయన కళ్లు తుడుచుకుంటూనే మారడిగాడు.

రాత్రి కరెంటు పోతే డాబా ఎక్కాను.
పిట్టగోడ పక్కన చాప, చాప మీద ముటాలే,
మొహమ్మీద పరీక్ష పుస్తకం.
"వీళ్లు మీవాళ్లా?"
"మొన్నటిదాకా తెలీదాంటీ. మా సంఘం చీటీ తెచ్చారు."

చీటీ.
మా అన్న కొడుకు ఫోన్ చేసి మరీ వస్తే
ట్యాంకు వంక పెట్టి లాడ్జికి పంపినదాన్ని.
ఆ ఆదివారం కూడా ముందు బెంచీలోనే కూర్చున్నాను.

తెల్లారి మోటారు వేశాను.
సాయంత్రం ఇంకోసారి వేసి, మర్చిపోయాను.
గోడ వెంట నీళ్లు కారుతుంటే
ఆ పెద్దమ్మ పరుగున బకెట్టు తెచ్చి పట్టింది,
వాళ్ల భాషలో నన్ను కోప్పడుతూ.