రిమార్కులు అనే గడి

జెరాల్డ్‌టన్‌లో గాలికి
చెట్లు కూడా నేల మీదికి ఒరిగి పెరుగుతాయి.
అలాంటి ఒక చెట్టు పక్కన బండి ఆపి
గ్రేమ్ తన దారి చూపించాడు:
"మూడువందల యాభై కిలోమీటర్లు. సగం ఎర్రమట్టి.
వారానికి రెండు ట్రిప్పులు."

పదకొండేళ్ళు అతనే మా నెట్‌వర్కు.
ఎడారిలో యాంటెన్నాలు రాత్రంతా విన్నదాన్ని
డిస్కులకెక్కించి, డిస్కుల్ని పాత దుప్పట్లలో చుట్టి,
బండి వెనకాల గొర్రెపిల్లల్లా పడుకోబెట్టి తెచ్చేవాడు.
ఒక్కటీ పగల్లేదు. ఒకటి మాత్రం తడిసింది.
ఆ తడిసినదాని కథ
ఏ రెండుసార్లూ ఒకేలా చెప్పలేదు.

నేనొచ్చింది ఆ దారిని ఆపడానికి.
ఆ మాట ఎవరూ అనలేదు.

రాశాను:
ఫైలు దిగగానే మేలుకో.
తూచు. అక్కడి తూకానికీ ఇక్కడి తూకానికీ
అక్షరం తేడా లేకపోతే పెర్త్‌కి పంపు.
అక్కడ ఎన్ని నోడ్లు ఖాళీయో అడుగు.
ఏవీ లేవంటే క్యూలో నిలబడు, విసుక్కోకు.
పెర్త్ నిండిపోతే కాన్‌బెర్రాకి మళ్ళు.
లెక్క తేలాక ఫలితాన్ని ఇంటికి చేర్చి
రశీదు రాయి.
అప్పుడు, అప్పుడు మాత్రమే, మొదటి ప్రతి చెరుపు.
తెగిపోతే మళ్ళీ. మళ్ళీ తెగితే
రెట్టింపు సేపు ఆగి, మళ్ళీ.
ఆరోసారికి నన్ను లేపు.

వెనకటికి అంచెటపా ఉండేదట.
గజ్జెలకర్రతో ఒకడు ఏడు మైళ్ళు పరిగెత్తి
రెండోవాడి భుజానికి సంచి మార్చేవాడట.
లోపలున్నది పెళ్ళికబురో చావుకబురో
ఇద్దరికీ తెలీదు.
నా ప్రోగ్రామూ అంతే.
గజ్జెల బదులు లాగ్ ఫైలు.

మొదటి రాత్రి
అతని రెండ్రోజుల ప్రయాణాన్ని
నాలుగు నిమిషాల్లో తాగేసింది తెరమీది పచ్చగీత.
గెలిచాననిపించాలి.
ఫ్రిజ్ తెరిచాను. మూశాను. పడుకున్నాను.

ఆఖరి రోజు కేకు కోశాక గ్రేమ్
పదమూడు నోటుబుక్కులు నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

"డిస్కు 212. ఈశాన్యపు గాలి. దారికడ్డంగా ఈము. కదలదే!"
"డిస్కు 340. తొమ్మిదో యాంటెన్నా కింద బంగారా.
మోటారు మూలుగుతోంది."
"డిస్కు 341. బంగారా అక్కడే. మూలుగు పెరిగింది."

బంగారమనుకుని రెండుసార్లు చదివాను.
ఆ పక్క ఉడుముని బంగారా అంటారట.

తొమ్మిదో యాంటెన్నా తప్పుకూత కూస్తోందని
మేం కనిపెట్టింది ఏడు నెలల తర్వాత,
పెద్ద పెద్ద గ్రాఫులు గీసుకుని.
అతను అప్పుడే విన్నాడు.
మేం డిస్కులు తీసుకున్నాం, సంతకం పెట్టాం.

అందుకే ప్రవాహంలో ఒక గడి చేర్చాను.
రిమార్కులు. నింపినా సరే, నింపకపోయినా సరే.
ఫైలుతోపాటే వెళ్తుంది, తూకంలోకి రాదు.
ఎవరూ నింపలేదు.
రెండేళ్ళుగా లక్షల ఖాళీలు
ఒక్క బిట్టూ రాలిపోకుండా
మూడు నగరాలకి భద్రంగా బట్వాడా అవుతున్నాయి.
వాటికీ రశీదులున్నాయి.

మొన్న తెల్లవారుజాము నాలుగింటికి
ఫోను నన్ను లేపింది.
ఆరుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది.
తీగ బాగుంది. తూకం బాగుంది. పెర్త్ ఖాళీగానే ఉంది.
చాలాసేపు వెతికితే దొరికింది:
సైటులో కొత్తగా చేరిన టీగన్ అనే అమ్మాయి
గడిలో ఏదో రాసింది.

"దుమ్ము బాగా ఉంది. తొమ్మిది కింద మళ్ళీ ఎవరో కాపురం పెట్టారు."

అక్కడ మాట ఉంటుందని
నా ప్రోగ్రాము ఎన్నడూ అనుకోలేదు.
దాని తప్పేముంది, నేను అలా రాశాను.

ఒక్క వరస దిద్దాను. పచ్చగీత కదిలింది.
కిటికీలో ఇంకా చీకటి, చీకట్లో గాలి.
వేళ కాదని తెలిసే గ్రేమ్‌కి ఫోన్ చేసి
ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత, "మోటారు సంగతి రాసిందా?" అన్నాడు.