ఐదు వందల పన్నెండో వరుస

హెల్దూర్ కుర్చీలో కూర్చున్నాను,
ఎడమకి కాస్త వాలిపోయే కుర్చీ.
హెల్టెర్మా రేవు, ఫిబ్రవరి, పొద్దున్న ఏడు.
పొద్దని పేరేగాని బయటింకా రాత్రే.
ఫెర్రీ మంచులో మేకు దిగినట్టు నిలబడి ఉంది.

నల్ల తెర మీద ఒక గీత
ఆరుతోంది, వెలుగుతోంది.
రిటైరయిన రోజు అడిగాను, ఏమీ రాసిపెట్టలేదా అని.
కేకు ముక్క కాగితంలో చుట్టుకుంటూ
"అన్నీ అందులోనే ఉన్నాయి, లేలో" అన్నాడు.
ఆ ఏడాది మొత్తంలో నాతో ఆయనన్న
అన్నిటికన్నా పొడుగు మాట అదే.

హిస్టరీ అని కొట్టాను.
రెండువేల వరుసలు జలజలా రాలాయి,
ఒక్కోదానికీ తేదీ, గంట, నిమిషం.

ఎల్ఎస్. ఎల్ఎస్. మళ్ళీ ఎల్ఎస్.
తాళంచెవి ఉందని తెలిసీ
జేబు తడుముకున్నట్టు.

మ్యాన్ టార్. వారం తిరక్కుండా మ్యాన్ టార్.
ఇన్నేళ్ళయినా ఆ అక్షరాల వరుస
ఆయనకీ నోటికి రాలేదు.
అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

గ్రెప్ అనబోయి ప్రతిసారీ గెర్ప్ అన్నాడు.
కింది వరుసలో దిద్దుకున్నాడు.
నేను పుట్టకముందే ఆ చూపుడువేలు
వించి తాడుకింద నలిగిందట.
నూట నలభైసార్లు దిద్దుకుని దిద్దుకుని
చివరికొక సాయంత్రం
అలియాస్ రాసి తప్పునే ఒప్పు చేసేశాడు.
ఆ తర్వాత ఈ మెషిన్‌లో
గెర్ప్ అన్నా వెతుకుతుంది.

పని జరిగితే ఇది ఏమీ అనదు.
కొత్త వరుస ఇచ్చి ఊరుకుంటుంది.
మా దీవి మనుషులూ అంతే.
నోరు తెరిచారంటే ఏదో విరిగిందన్నమాట.

ఐదు వందల పన్నెండు:
ఆర్ఎం, గీత, ఆర్, నక్షత్రం.
ఐదు వందల పదమూడు: ఎల్ఎస్.
పద్నాలుగు: ఎల్ఎస్.
పదిహేను: పీడబ్ల్యూడీ. ఎక్కడున్నాను నేను?

తేదీ చూశాను.
చివరిసారి సముద్రం మీద మంచు బాట తెరిచిన శీతాకాలం.
అవతలి ఒడ్డుదాకా వేసిన కన్నాలన్నిటి కొలతలూ
ఆ ఫోల్డర్‌లోనే ఉండేవి.
తెల్లారితే కార్లు వరుస కడతాయి,
బెల్టులు విప్పుకుని, తలుపు పిడి మీద చెయ్యేసుకుని.

పదిహేనుకీ పదహారుకీ మధ్య
రెండు గంటలు ఖాళీ.
ఆ రెండు గంటలూ ఏ ఆజ్ఞకీ దొరకవు.

తర్వాత:
ఎకో ఇరవైనాలుగు, రెండు బాణాలు, మంచు ఫైలు.
ఎకో ఇరవైమూడు, రెండు బాణాలు, మంచు ఫైలు.
ఒక్క బాణమైతే ఉన్నదంతా తుడిచేసి రాస్తుంది,
రెండయితే ఉన్నదాని కిందికి చేరుస్తుంది.
ఆ రాత్రి ఒక్కచోటా ఆయన ఒంటి బాణం వాడలేదు.

అంకెకీ అంకెకీ నడుమ పదకొండేసి నిమిషాలు.
ఎవరో చీకట్లో మంచుమీద కన్నం పొడిచి
రేడియోలో చెబుతున్నారు.
ఆ ఏడు బరమా మా అమ్మ చేతిలో ఉండేది.
ఇంటికొచ్చి మేజోళ్ళు పొయ్యిమీద ఆరేసుకుంది,
కొలతలు మళ్ళీ తీశామంది,
ఎందుకో చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆఖరి కొలత తర్వాత ఇంకో అలియాస్:
ఇకమీద ఆర్ఎం అంటే
అడక్కుండా చెరపకూడదు.

ఈ యేడు మంచు పదకొండు సెంటీమీటర్లే.
బాట తెరవరు.
టెయిల్ కొట్టి, ఆ తోక పట్టుకుని
టీ తాగుతూ కూర్చున్నాను.
కొత్త అంకె రాలేదు.

పాత ఫోల్డర్ తీసెయ్యమని
టాలిన్ నుంచి ఉత్తరం వచ్చి మూడు రోజులైంది.
ఆర్ఎం కొట్టాను.
తీసెయ్యమంటావా? అంది తెర.
అవునన్నాను.
ఇదీ తీసెయ్యమంటావా?
అవును.
అలా నలభై ఒక్కసారి.
మంచు ఫైలు దగ్గర వద్దన్నాను.

తర్వాత ఇరవైనాలుగు ఎక్కడుందో వెతకబోయి
గెర్ప్ అని కొట్టాను.
నా వేళ్ళన్నీ బాగానే ఉన్నాయి.