తిరిగొచ్చే తీగ

ఫెయిరాలో, ఓక్ బెరడుతో సీసా బిరడాలు చేసే కార్ఖానా.
రాత్రి రెండున్నర.
మూడో యంత్రం మళ్లీ ఆగింది.
డ్రైవు కిటికీలో అదే ఎర్ర అంకె:
వెళ్లమన్న చోటొకటి, చేరిన చోటొకటి.

పగటి షిఫ్టు వాళ్లు మోటారు మార్చారు,
డ్రైవు మార్చారు, గెయిన్ తగ్గించారు.
మద్దెల మీద వేయాల్సిన నెపాలన్నీ వేసేశారు.

ఒదేత్ ఏదీ విప్పలేదు.
డబ్బా బోర్లించుకుని కూచుంది,
చేతిలో సుద్దముక్క.
ఆగినప్పుడల్లా పట్టా పక్కన ఒక గీత.
పదకొండు గీతలు,
అన్నీ జానెడు లోపలే.

అక్కడే
కేబుల్ గొలుసు మోకాలు మడుస్తుంది.

కరెంటు తీసి, తాళం వేసి,
ఎన్‌కోడర్ తీగను వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయింది,
చేపలో ముల్లు వెతికినట్టు.
పై తొడుగు నున్నగానే ఉంది.
లోపల ఒకచోట మెత్తగా, ఎముక లేనట్టు.

"మోటారుకి చెవుడు లేదు ఫిర్మీనూ,
చెప్పిందల్లా వింటూనే ఉంది.
ఎక్కడున్నానో చెప్పబోతేనే
ఈ మలుపులో గొంతు తెగుతోంది."

కొత్త తీగ వేశారు.
తెల్లారేదాకా యంత్రం ఆగలేదు.
ఫిర్మీను తడిగుడ్డతో గీతలు తుడవబోయాడు.
ఉండనీ, అంది.
కొత్త తీగకూ అదే మోకాలు.