కింది శ్రుతి

పందొమ్మిదేళ్ళుగా నా గొంతు చేసిన పనులు మూడే:
హాజరు పిలవడం,
"సైలెన్స్" అనడం,
ఆమ్లంలో నీళ్ళు పోయకండి, నీళ్ళలోకే ఆమ్లం పోయండని
ఏడాదికి ఎనిమిది సెక్షన్లకు చెప్పడం.

కువైట్‌లో, అబ్బాసియాలో మా బడి.
ల్యాబు కిటికీకి ఎదురుగా
ఏసీలు కార్చే నీళ్ళ కింద
పావురాలు వంతులవారీగా తడుస్తుంటాయి.
నేను కెమిస్ట్రీ టీచర్ని.
పిపెట్ ఇస్తే చెయ్యి వణకదు.
మైకు ఇస్తే చూడాలి.

ఇదంతా ఓబులేసు వల్ల.
ఏడో నంబరు బస్సు డ్రైవరు, రాజంపేట దగ్గర ఏదో పల్లె.
దుమ్ము లేచి రోడ్డు కనిపించని ఓ మధ్యాహ్నం
పిల్లలందర్నీ దించేశాక
బండి ఓ పక్కకు ఆపి
నేనున్న సంగతి మరిచి
నాటకపద్యం ఒకటి ఎత్తుకున్నాడు.
రాగం అద్దాలకు తగిలి తిరిగొచ్చింది.
నా ఒళ్ళో దిద్దాల్సిన నలభై రెండు పేపర్లు.
ఎర్రపెన్నుకు మూత పెట్టడం మరిచాను,
చీర మీద మచ్చ ఇంకా ఉంది.

"నాకు నేర్పుతావా?"
అన్నది ఎవరా అని నేనే వెనక్కి చూశాను.

అప్పట్నుంచి చివరి స్టాపుకీ మా ఇంటికీ మధ్య
పన్నెండు నిమిషాలు నేను విద్యార్థిని.
"గొంతు దాచిపెట్టాకు టీచరమ్మా,
అది బ్యాంకులో దుడ్డు గాదు."
"ఊపిరి యాడ తీసుకుంటాండావో నాకు ఇనపడగూడదు."
రోజూ అదే చోట తప్పాను.
రోజూ అదే మాట చెప్పాడు, అంతే మెత్తగా.
నేను మూడోసారికే డస్టరు బల్లకేసి కొట్టే మనిషిని.

బాత్రూంలో సాధన చేస్తే
పై అంతస్తు ఈజిప్టు ఆవిడ పైపు మీద గరిటెతో కొట్టింది.
తాళం మాత్రం ఆవిడ తప్పలేదు.

సాల్మియాలో, శుక్రవారం, నేలకింది హాల్లో
తెలుగువాళ్ళ వార్షికోత్సవం.
జాబితాలో పదిహేడో పేరు నాది.
మూడో వరుసలో మా మస్తాన్‌వలి.
వైవాలో తడబడ్డాడని పోయిన నెల
నాలుగు మార్కులు కోసింది నేనే.

పైన ఎత్తుకున్నాను.
భయం ఎప్పుడూ పై శ్రుతిలోనే మొదలెడుతుంది.
మొదటి పాదం ఎలాగో గట్టెక్కింది.
రెండోదానికి మెట్టు లేదు.
గొంతు, నీళ్ళు రాని కుళాయిలా
కీచుమని ఆగింది.

రెండువందల మంది.
పులిహోర పొట్లాల మీద రబ్బరు బ్యాండ్లు కూడా వినిపించాయి.
ఎవరో జాలిపడి చప్పట్లు మొదలుపెట్టారు.
అది ఇంకా ఘోరం.

దిగిపోవచ్చు, మెట్లు నాలుగే.
తలుపు దగ్గర, ఇస్త్రీ చొక్కాలో, ఓబులేసు
అరచేతిని నేలవైపు తిప్పి
నిదానంగా కిందికి దించాడు,
పాలు పొంగుతున్నాయి, మంట తగ్గించమన్నట్టు.

"తప్పయింది," అన్నాను మైకులో.
"మళ్ళీ పాడతాను."
ఆ మొదటి మాట
ఇన్నేళ్ళలో ఏ తరగతి గదీ
నా నోట విని ఎరగదు.

కింద మొదలుపెట్టాను.
పొద్దున లేచి ఇంకా ఎవరితోనూ మాట్లాడకముందు
ఒక గొంతుంటుంది చూడండి, అంత కింద.
బాగా పాడానని చెప్పను.
చివరిదాకా పాడాను.

ఆదివారం ల్యాబులో మస్తాన్‌వలి వంతు.
టైట్రేషన్ గురించి చెబుతూ నడుమ ఆగిపోయాడు.
పెదవులు ఆడుతున్నాయి, మాట లేదు.
పెన్ను కింద పెట్టాను.
బ్యూరెట్ కొసన ఒక చుక్క
పడాలా వద్దా అని వేలాడుతోంది.
ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం.
పడింది. లేత గులాబీ.
వాడు మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు,
ఈసారి మెల్లగా.

మధ్యాహ్నం బస్సులో, అద్దంలోంచి ఓబులేసు:
"అంతా బాగుండాది గానీ టీచరమ్మా,
రెండో పాదం ఇంగా దొంగసొరమే."

పేపర్లు పక్కసీట్లో పెట్టాను.
పన్నెండు నిమిషాలున్నాయి.